పెంటకుప్ప మిద్దె ఎక్కినప్పుడు: ఇంటి తోటలో సేంద్రియ ఎరువులను జాగ్రత్తగా వాడుకోవడం ఎలా?

మా ఊళ్ళో పెంటకుప్ప ఊరి చివర ఉండేది. కొట్టం ఊడ్చిన పేడ, పశువులు తినగా మిగిలిన గడ్డి, పొయ్యిలోని బూడిద అన్నీ రోజూ తట్టల్లో అక్కడికి చేరేవి. వానకు తడిసి, ఎండకు ఆరి, లోపల్లోపలే కాగి, ఏడాది తిరిగేసరికి ఆ కుప్ప నల్లగా, పొడిపొడిగా, మట్టి వాసన వేస్తూ ఉండేది. వేసవిలో బండ్ల మీద పొలానికి తోలి, దున్ని, మట్టిలో కలిపేసేవారు. పైరు చేతికి రావడానికి ఇంకో నాలుగు నెలలు. ఆ పద్ధతిలో ఎవరూ పేరు పెట్టి చెప్పని రక్షణలు రెండుండేవి: కాలం ఒకటి, దూరం ఒకటి. పేడలోని హానికర క్రిములు చాలావరకు ఆ కాలంలోనే చచ్చేవి, మిగిలినవి ఆ దూరం దాటి మన కంచం దాకా వచ్చేవి కావు.

మిద్దె తోటలో ఈ రెండూ లేవు. నెల కిందటి పేడ సంచిలో మూటకట్టుకుని ఇంటికి వస్తుంది. మెట్ల కింద, చెప్పుల పక్కన, పిల్లలు ఆడుకునే చోటికి నాలుగడుగుల దూరంలో కూర్చుంటుంది. పొద్దున ఎరువు వేసిన కుండీలోంచే సాయంత్రం పచ్చడిలోకి కొత్తిమీర తుంచుతాం. రసాయనం కాదు కదా అన్న ధైర్యంతో చేతులు కూడా సరిగా కడుక్కోం.

పన్నెండేళ్ళుగా నేను సేంద్రియ ఎరువులతోనే మొక్కలు పెంచుతున్నాను, ఇక ముందూ అంతే. వాటి మీద నమ్మకం ఉంది కాబట్టే ఇది రాస్తున్నాను. మీరు చేయవలసిందల్లా ఊరి పెంటకుప్పకు ఉన్న కాలాన్నీ దూరాన్నీ మీ మిద్దె మీద మళ్ళీ కల్పించుకోవడం. ఎలాగో వరుసగా చెబుతాను.

ముందుగా, ఏ సంచిలో ఏముందో తెలుసుకోండి

సేంద్రియ ఎరువు అన్న ఒక్క పేరు మీద ఒకదానితో ఒకటి పొంతన లేని సరుకులు అమ్ముతున్నారు. పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం. కోడి ఎరువులో మూడు శాతం దాకా ఉంటుంది. గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిండ్లు, చెక్కల్లో ఇంకా ఎక్కువ: వేప పిండిలో అయిదు, వేరుశనగ చెక్కలో ఏడు శాతం వరకు ఉంటుంది. అంటే ఒక కిలో వేరుశనగ చెక్క పద్నాలుగు కిలోల పశువుల ఎరువుతో సమానం. "సేంద్రియమే కదా, ఇంకో గుప్పెడు వేద్దాం" అన్న మాట పశువుల ఎరువు విషయంలో చెల్లుతుంది, చెక్కల విషయంలో చెల్లదు. నేను మొదటి ఏడాది పచ్చి కోడి ఎరువును వంకాయ కుండీలకు దోసిళ్ళతో వేశాను. నాలుగో రోజుకు ఆకుల అంచులు మాడిపోయాయి, పదో రోజుకు మొక్కలే లేవు.

సంచి కొనేటప్పుడు తయారీ తేదీ, దేనితో చేశారో, ఎవరు చేశారో రాసి ఉందా చూడండి. మన దేశంలో 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు), నగర చెత్తతో చేసే కంపోస్టు వంటివి కూడా వస్తాయి. వర్మీకంపోస్టులో కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించకూడదని అందులో హద్దులు పెట్టారు. భార లోహాలు కంటికి కనిపించవు, వాసనకు తెలియవు, ఎంత మాగబెట్టినా పోవు. అందుకే ఊరూ పేరూ లేని సంచి ఎంత చవకగా వచ్చినా తినే మొక్కలకు వద్దు. తెలిసిన పాడి రైతు దగ్గర కొంటున్నారా, అది ఇంకా మంచిది. ఎన్ని నెలల కుప్పో, పైనుంచి తవ్వారో అడుగు నుంచి తవ్వారో అడగండి. సిగ్గుపడకండి, రైతుకు ఆ ప్రశ్న కొత్తది కాదు.

తెచ్చిన ఎరువు మాగిందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గ్లౌజు వేసుకున్న చేతిని సంచి మధ్యలోకి పెట్టండి. వెచ్చగా తగిలితే లోపల ఇంకా కుళ్ళుతోందన్న మాట. తరువాత గుప్పెడు ఎరువును కాస్త తడిపి, గాలి చొరని కవరులో మూడు రోజులు మూసి ఉంచండి. తెరిచినప్పుడు తొలకరి వానకు లేచే మట్టి వాసన వస్తే సిద్ధంగా ఉన్నట్టు. ముక్కు మండించే ఘాటు గానీ మురుగు కంపు గానీ వస్తే పక్కన పెట్టండి. ఘాటు అమ్మోనియాది.

ఇంకో పరీక్ష పెసలతో చేస్తాను. సగం ఎరువు, సగం మట్టి కలిపిన గిన్నెలో పది గింజలు, ఉత్త మట్టి గిన్నెలో పది గింజలు వేసి అయిదారు రోజులు చూడండి. ఎరువున్న గిన్నెలో మొలకలు తక్కువ వచ్చినా, ఆకులు మెలితిరిగినా ఆ ఎరువును కుండీల్లో వేయకండి. పశువులు మేసిన గడ్డి మీద కలుపు మందు కొట్టి ఉంటే ఒక్కోసారి దాని అవశేషం పేడలోకీ వస్తుంది. టమాటా, చిక్కుడు జాతి మొక్కలు దానికి తట్టుకోలేవు.

ఎక్కడ పెట్టాలి?

చెక్కల విషయమే ముందు చెప్పాలి, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

నువ్వుల నూనె తీశాక మిగిలే తెలగపిండితో కూర వండుకునే ఇళ్ళు మనలో ఇప్పటికీ ఉన్నాయి. బాలింతలకు పాలు పడతాయని ప్రత్యేకంగా పెడతారు. ఆముదం పిండి, వేప పిండి చూపుకు దానికి పెద్ద తేడాగా ఉండవు. వంటగది అటక మీద పేరు రాయని డబ్బాలో ఆముదం పిండి ఉందనుకోండి. ఇంట్లో పెద్దావిడకు అది ఏమిటో ఎలా తెలుస్తుంది? అందుకని ఎరువును వంటగదిలో, వంట సామాను దగ్గర ఎన్నడూ పెట్టకండి. పాత హార్లిక్స్ సీసాల్లో, కూల్‌డ్రింక్ బాటిళ్ళలో పోయకండి. మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, చెరిగిపోని సిరాతో "మొక్కల ఎరువు, తినకూడదు" అని తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి. పనికి వచ్చేవారు హిందీ మాత్రమే చదవగలిగితే హిందీలోనూ రాయండి. కొన్న తేదీ కూడా వేయండి.

ఆముదం గింజల్లో రైసిన్ అనే విషం ఉంటుంది. నూనె తీసినప్పుడు అది నూనెలోకి రాదు, పిండిలోనే మిగిలిపోతుంది. బాగా వేడి చేస్తే విషం విరుగుతుంది, కానీ మీరు కొన్న సంచిలోని పిండిని ఎంత వేడి చేశారో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. దీనికి విరుగుడు మందు లేదు, లక్షణాలకు వైద్యం చేయడమే. కుక్కలకు ఆ పిండి వాసన ఇష్టం. మా వీధిలో ఒక కుక్కపిల్ల కొత్తగా ఎరువు వేసిన గులాబీ కుండీ తవ్వి తిని, మర్నాటికి రక్త విరేచనాలతో చనిపోయింది. ఆ ఇంటి వాళ్ళు చాలా రోజులు ఎవరో విషం పెట్టారనే అనుకున్నారు. కుక్క గానీ పాకే వయసు బిడ్డ గానీ ఉన్న ఇంట్లో ఆముదం పిండి వద్దే వద్దు. దాని బదులు వేప పిండి చాలు. ఎముకల పొడిదీ అదే ఆకర్షణ. అది విషం కాదు గానీ, కుక్క గుప్పెళ్ళ కొద్దీ తింటే కడుపులో గడ్డకట్టి ఆపరేషన్ దాకా పోవచ్చు.

డబ్బాలు నీడలో, పొడిగా, నేలకు జానెడు ఎత్తున ఉండాలి. తడిసిన చెక్క బూజు పడుతుంది. వేరుశనగ చెక్క మీద పెరిగే బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. ఆ ధూళి పీల్చడం మంచిది కాదు కాబట్టి బూజు పట్టినదాన్ని దులిపి వాడే ప్రయత్నం చేయకుండా పారేయండి. నెలకు సరిపడా మాత్రమే కొనడం అన్నిటికన్నా సులువు. గోనె సంచిలో వదిలేస్తే ఎలుకలు వస్తాయి. ఎలుక మూత్రం తగిలిన ఎరువును చేత్తో తాకితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వచ్చే అవకాశం ఉంది, ముఖ్యంగా చేతి మీద గీతలుంటే.

మిద్దె మీదైతే ఇంకొకటి చూడాలి. నీళ్ళ ట్యాంకు పక్కన, ట్యాంకు మూత కన్నా ఎత్తున ఎరువు పెట్టకండి. వాన నీరు దిగే గొట్టం ఎక్కడికి పోతుందో ఒకసారి వెతకండి. చాలా ఇళ్ళలో అది ఇంకుడు గుంతలోకి పోతుంది, కొన్ని ఇళ్ళలో నేరుగా సంపులోకే. సంపులోకి పోతుంటే, ఆ వాలులో ఉన్న కుండీల కింద పళ్ళాలు పెట్టండి. పేడ ఎరువు సంచులను వాలుకు ఎదురు వైపు జరపండి. వానాకాలం మొదలయ్యే ముందు, జూన్‌లో, ఈ సర్దుడు ఒక్క గంట పని.

సంచి తెరిచే ముందు

పాత పూర్తి చేతుల చొక్కా, మోకాళ్ళు దాటే దుస్తులు, వేళ్ళు కప్పే చెప్పులు వేసుకోండి. రబ్బరు గ్లౌజులు వాడండి. పాత్రలు తోమడానికి వాడేవి పనికొస్తాయి, అయితే అవి ఇక తోటకే. చేతి మీద తెగిన గాయం ఉంటే మానేదాకా ఎరువు పని ఇంకొకరికి ఇవ్వండి. ధనుర్వాతం తెచ్చే క్రిమి మట్టిలో, పశువుల పేడలో ఉంటుంది. పెద్దవాళ్ళు పదేళ్ళకొకసారి టీకా వేయించుకోవాలని వైద్యులు చెబుతారు. చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే, ఎరువు కొనే ముందే ఆ పని చూసుకోండి.

అందరూ తేలికగా తీసుకునేది ధూళిని. సంచి మూతి విప్పి మొహం దగ్గర పెట్టుకుని చూడటం నాకూ అలవాటుగా ఉండేది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కుండీ మట్టి సంచుల మీద హెచ్చరిక అచ్చు వేస్తారు. ఆ మట్టిలో, కంపోస్టులో పెరిగే లెజియోనెల్లా లాంగ్‌బీచే అనే సూక్ష్మజీవి ధూళితో ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియా తెస్తుందని. కంపోస్టులో బూజు విత్తులు కూడా విపరీతంగా ఉంటాయి. ఆరోగ్యవంతులకు చాలాసార్లు ఏమీ కాదు. ఉబ్బసం ఉన్నవారికి, చక్కెర వ్యాధి అదుపులో లేనివారికి, కీమోథెరపీ తీసుకుంటున్నవారికి, అవయవ మార్పిడి జరిగినవారికి అలా కాదు. వారు ఎరువు కలిపే పని చేయకూడదు, దగ్గర కూడా నిలబడకూడదు. ఆముదం పిండి ధూళి అయితే ఉబ్బసం లేనివారికి కూడా తుమ్ములు, ఆయాసం తెప్పించగలదు.

కాబట్టి ఇలా చేయండి. గాలి లేని వేళ చూసుకుని, మూసిన గదిలో కాకుండా బయట పెట్టుకోండి. గాలి ఉంటే అది మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి. ఎన్95 రకం మాస్కు వేసుకోండి. సంచి మూతిని మొహానికి దూరంగా పెట్టి కత్తెరతో మూల కత్తిరించి, లోపలికి కొద్దిగా నీళ్ళు చిలకరించి, అయిదు నిమిషాలు వదిలేయండి. తడిసిన ఎరువు లేవదు. ఆ తరువాతే పట్టా మీద పోసి కలపండి. పొడి కోకోపీట్‌కూ (కొబ్బరి పీచు పొట్టు) ఇదే పద్ధతి.

పావురాల రెట్ట గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నగరాల్లో బాల్కనీ నిండా అదే. ఎరువుగా పనికొస్తుందని గీకి కుండీల్లో వేసేవారున్నారు. దయచేసి వేయకండి. అందులో పెరిగే శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు ఊపిరితిత్తులకు, ఒక్కోసారి మెదడుకు కూడా ప్రమాదం తెస్తాయి. దాన్ని పొడిగా ఊడవకండి. మాస్కు వేసుకుని, నీళ్ళతో బాగా తడిపి, తుడిచి, కవరులో కట్టి చెత్తలో పారేయండి.

మాగబెట్టడం: కాలాన్ని తిరిగి తెచ్చుకోవడం

పరీక్షలో ఎరువు పచ్చిగా తేలితే పారేయనక్కరలేదు, ఆగితే చాలు. పెద్ద కంపోస్టు కుప్ప మధ్యలో వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తే హానికర క్రిములు, కలుపు గింజలు చచ్చిపోతాయి. అంత వేడి పుట్టాలంటే కుప్ప మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు అయినా ఉండాలి. మన ఇరవై లీటర్ల బకెట్లో అంత వేడి రాదు. వచ్చినా మూడు గంటలు నిలవదు. అందుకే ఇంట్లో వేడిని నమ్ముకోకూడదు, నెలలను నమ్ముకోవాలి.

పక్కలకు, అడుగుకు రంధ్రాలున్న డ్రమ్ము తీసుకోండి. ఒక పొర పేడ ఎరువు, రెండు పొరలు ఎండుటాకులు వేస్తూ నింపండి. తడి ఎంతుండాలంటే, గుప్పెట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు కారాలి. అంతకన్నా కారితే ఎండుటాకులు కలపండి, కారకపోతే నీళ్ళు చిలకరించండి. వారానికోసారి పారతో కిందిది పైకి, పైది కిందికి తిప్పండి. పశువుల ఎరువు కనీసం మూడు నెలలు, కోడి ఎరువు ఆరు నెలలు ఇలా ఉండాలి. మీద సన్నటి వల కట్టడం మరవకండి. కొబ్బరి చెట్లను తొలిచే కొమ్ము పురుగు గుడ్లు పెట్టేది పెంటకుప్పల్లోనే. చేతి బొటనవేలంత తెల్లటి పురుగులు చుట్టలు చుట్టుకుని కనిపిస్తే ఎరువును పట్టా మీద పరచి ఏరేయండి. అవి కుండీలోకి చేరితే మొక్క వేళ్ళకు చేటు కావచ్చు. వంటింటి చెత్త డబ్బాలో కనిపించే బూడిద రంగు పురుగులు మాత్రం వేరు. అవి నల్ల సైనిక ఈగ పిల్లలు, చెత్తను త్వరగా తినేస్తాయి. వాటిని చూసి భయపడి డబ్బా మొత్తం పారబోసిన వాళ్ళను ఎరుగుదును. అవి మనకూ మొక్కకూ హాని చేయవు.

మాగిన ఎరువుకు వేప పిండి, ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం కలిపి ఇంకో వారం పది రోజులు నీడలో ఉంచితే వేరుకుళ్ళు తగ్గుతుంది. తొంభై కిలోల ఎరువుకు పది కిలోల వేప పిండి, రెండు కిలోల ట్రైకోడెర్మా అని రైతులకు చెప్పే లెక్క. ఇంటికి తొమ్మిది కిలోలు, కిలో, 200 గ్రాములు అనుకోండి. ట్రైకోడెర్మా బతికున్న శిలీంధ్రం, కలిపేటప్పుడు మాస్కు తీయకండి.

కంపోస్టు డబ్బాలో వేయకూడనివి: కుక్క మలం, పిల్లి మలం, మాంసం, చేపల వ్యర్థాలు, రంగు లేదా ప్లైవుడ్ కాల్చిన బూడిద. కుక్క, పిల్లి మలంలోని నులిపురుగుల గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బతకగలవు. పిల్లి మలంలో ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. గర్భిణులు ఎరువు, మట్టి పని మానుకోవడమే మంచిది. తప్పనిసరైతే గ్లౌజులు లేకుండా చేయి పెట్టకూడదు. వీధి పిల్లులు మెత్తటి మట్టి ఉన్న కుండీ వెతుక్కుంటాయి, కాబట్టి ఖాళీ కుండీల మీద ముళ్ళ కొమ్మలో పాత వలో పరచండి. చేపలు, మాంసం కడిగిన నీళ్ళు మొక్కలకు పోసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. పచ్చి మాంసంలోని సాల్మొనెల్లా అనే క్రిమి ఆ నీళ్ళతోనే కొత్తిమీర మీదికి వస్తుంది. బియ్యం కడిగిన నీళ్ళు పోయండి, పప్పు కడిగినవి పోయండి, చేపలు, మాంసం కడిగినవి మాత్రం వద్దు. గుడ్డు పెంకులైతే కడిగి, ఎండబెట్టి, పొడి చేసి వేయండి.

కుండీకి ఎంత?

పన్నెండంగుళాల కుండీకి నా లెక్క ఇది. మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు నెలకు రెండు గుప్పిళ్ళు. వేప పిండి నెలన్నరకు 30 నుంచి 50 గ్రాములు. ఎముకల పొడి మూడు నెలలకు ఒక పెద్ద చెంచా. వేరుశనగ చెక్క వేయాలనుకుంటే 20 గ్రాములు దాటకండి. ఒకే నెలలో రెండు రకాల చెక్కలు వేయకండి. మొక్క మొదలుకు నాలుగంగుళాల దూరంలో, రెండంగుళాల లోతున గాడి తీసి వేసి, మట్టి కప్పి, నీళ్ళు పోయండి. పైన చల్లి వదిలేస్తే ఈగలు, చీమలు, కుక్కలు అన్నీ వస్తాయి. బూడిదను పేడతో కలపకండి. కలిపితే నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది, కళ్ళు మండుతాయి, మొక్కకూ ఏమీ మిగలదు.

జీవామృతం, చెక్క నానబెట్టిన నీళ్ళు, తొక్కల ద్రావణాలు

ఎకరానికి చెప్పే జీవామృతం లెక్క అందరికీ తెలిసిందే: 200 లీటర్ల నీళ్ళు, పది కిలోల పేడ, అయిదు నుంచి పది లీటర్ల గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు మట్టి. ఇంటికి అందులో ఇరవయ్యో వంతు చాలు, అంటే పది లీటర్ల నీళ్ళకు అర కిలో పేడ, పావు నుంచి అర లీటరు మూత్రం, వంద గ్రాముల బెల్లం, వంద గ్రాముల పిండి, చిటికెడు మట్టి. పదిహేను లీటర్ల బకెట్ తీసుకోండి, నురగ పొంగుతుంది. నీడలో పెట్టి, గోనె గుడ్డ కప్పి, రోజుకు రెండుసార్లు పొడవాటి కర్రతో కలపండి. చేయి ముంచకండి. రెండు రోజులకు సిద్ధమవుతుంది, వారంలోపు వాడేయండి. పదింతల నీళ్ళు కలిపి మట్టికే పోయండి.

గుర్తుంచుకోండి, ఇందులో ఉన్నది పచ్చి పేడ. మాగే కాలం దీనికి లేదు. బెల్లం, పిండి తిని మొక్కకు మేలు చేసే జీవులతో పాటు రోగం తెచ్చేవి కూడా పెరగవచ్చు. అందుకే నేను జీవామృతాన్ని పూల మొక్కలకు, నిమ్మ, దానిమ్మ, మునగ, జామ వంటి వాటికే వాడతాను, ఆకుకూరల మడుల దగ్గరికి తీసుకుపోను. ఆకుల మీద పిచికారీ అసలే చేయను. ఈ మాటకు అలిగే మిత్రులున్నారు. పొలంలో వారు చేసేదాన్ని తప్పనడం లేదు. పొద్దున కొట్టి సాయంత్రం కోసే మిద్దె మీద అది కుదరదని మాత్రమే నా వాదన.

వడకట్టేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోండి. పిచికారీ డబ్బా నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. పాత టూత్ బ్రష్ ఒకటి ఆ డబ్బాకే కట్టి ఉంచండి. వేప నూనె పట్టిన నాజిల్‌కు కూడా ఇదే మాట. చంటి పిల్లల కడుపులోకి వేప నూనె కొద్దిగా పోయినా వాంతులు, ఫిట్స్ రావచ్చు. మందని ఇంట్లో పెద్దవాళ్ళు పట్టించబోతే ఆపండి.

పులిసే ద్రవం ఏదైనా గాలిని పుట్టిస్తుంది. ఒక వంతు బెల్లం, మూడు వంతుల పండ్ల తొక్కలు, పది వంతుల నీళ్ళతో చేసే ద్రావణం మూడు నెలలు పులియాలి. మొదటి నెలంతా రోజూ ఒకసారి మూత వదులు చేసి మళ్ళీ బిగించాలి. గాజు సీసా వాడకండి. మూడొంతుల్లో ఒక వంతు ఖాళీ వదలండి. ఊరికి వెళ్తున్నారంటే మూత తీసి గుడ్డ కట్టి వెళ్ళండి. నాలుగు రోజుల పెళ్ళికి వెళ్ళి వచ్చేసరికి మా బాటిల్ పేలి, వరండా గోడ మీద తొక్కలు అతుక్కుని ఉన్నాయి. ఎవరూ దగ్గర లేరు కాబట్టి సరిపోయింది.

బకెట్ లోతు జానెడే అయినా నడిచే వయసు బిడ్డ తలకిందులుగా పడితే లేవలేదు. ద్రవం ఉన్న బకెట్‌ను పిల్లలు ఎక్కలేని ఎత్తు మీద, లేదా గొళ్ళెం ఉన్న తలుపు వెనక పెట్టండి. గుడ్డ మీద చిల్లుల మూత కూడా బిగించండి.

కోసే ముందు, వండే ముందు

అమెరికాలో సేంద్రియ సాగు నియమాల ప్రకారం పచ్చి పేడ వేశాక, మట్టికి తగిలే పంటను 120 రోజుల దాకా, తగలనిదాన్ని 90 రోజుల దాకా కోయకూడదు. మన మిద్దె మీద పాలకూర ముప్ఫై, నలభై రోజుల పంట. అంటే ఆకుకూరల కుండీలో పచ్చి పేడకు చోటే లేదని అర్థం. మాగిన ఎరువు కూడా విత్తే ముందు మట్టిలో కలిపేయండి. మొలిచాక మీద చల్లకండి.

వండుకునే తోటకూర, గోంగూర కన్నా పచ్చిగా తినేవాటి మీద మీ శ్రద్ధ అంతా ఉంచండి. కొత్తిమీర, పుదీనా, కీరదోస, టమాటా, ముల్లంగి, క్యారెట్, ఉల్లికాడలు ఇవన్నీ పొయ్యి చూడకుండానే నోట్లోకి వెళ్తాయి. వీటికి నీళ్ళు మొక్క మొదలు దగ్గర, మెల్లగా, మట్టి చిందకుండా పోయండి. మట్టి మీద ఎండుటాకులో కొబ్బరి పీచో పరిస్తే వాన చినుకులకు కూడా ఆకు మీదికి చిందదు. కోశాక కుళాయి కింద, పారే నీళ్ళలో, కట్ట విప్పి, ఆకు ఆకూ కడగండి. గిన్నెలో ముంచి తీస్తే మురికి ఒక కట్ట నుంచి ఇంకో కట్టకు అంటుకుంటుంది. తోట కత్తెర వంటగదిలోకి, వంటగది కత్తి తోటలోకి పోకూడదు.

పని అయ్యాక గ్లౌజులు తీయకముందే వాటిని సబ్బుతో కడగండి, తీశాక చేతులు మళ్ళీ కడగండి. గోళ్ళ సందులు బ్రష్‌తో రుద్దండి. పార, మగ్గు, జల్లెడ కడిగి ఎండలో ఆరబెట్టండి. ఆ మగ్గు స్నానాల గదిలోకి తిరిగి రాకూడదు. చెప్పులు మిద్దె మీదే వదిలేయండి. దుస్తులు విడిగా ఉతకండి. మధ్యలో టీ తాగాలనిపిస్తే పని ఆపి, చేతులు కడుక్కుని, కిందికి దిగి తాగండి.

ఏదైనా జరిగితే

కంట్లో పడితే రుద్దకండి. కుళాయి నీళ్ళు సన్నగా పారిస్తూ పదిహేను నిమిషాలు కడిగి, మంట తగ్గకపోతే కంటి వైద్యుల దగ్గరికి వెళ్ళండి. పార గానీ మేకు గానీ గీరుకుంటే సబ్బు నీళ్ళతో కడిగి, టీకా సంగతి అదే రోజు అడగండి. పసుపు అద్ది వదిలేయకండి.

బిడ్డ ఎరువు నోట్లో పెట్టుకుంటే నోరు తుడిచి, మిగిలినది తీసేయండి. ఉప్పు నీళ్ళు, చింతపండు రసం తాగించి వాంతి చేయించే ప్రయత్నం వద్దు. ఆముదం పిండి అయినా, ఏదో తెలియకపోయినా లక్షణాల కోసం ఎదురుచూడకండి. రైసిన్ పని మొదలుపెట్టడానికి కొన్ని గంటలు పడుతుంది, ఆ గంటలే మీకున్న సమయం. 108కి ఫోను చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో ఉచితంగా సలహా ఇస్తుంది. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు సంచిని గానీ, దాని మీది అట్టను గానీ వెంట తీసుకెళ్ళండి. కుక్క తింటే వెటర్నరీ వైద్యులకు కూడా అదే చూపాలి.

ఎరువు పని చేసిన వారం పది రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పి, ఆయాసం, ఆగని దగ్గు వస్తే వైద్యులతో "నేను ఎరువు, మట్టి కలుపుతుంటాను" అని మీరే చెప్పండి. వారికి ఆ సంగతి తెలియకపోతే మామూలు జ్వరం మందులతో మొదలుపెడతారు. సంచి తెరిచిన రోజునే దాని మీది వివరాలను ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోండి. సంచి చెత్తలోకి పోయాక ఏ కంపెనీదో, ఏ పిండో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.